హుస్సేన్ సాగర్ పడవ పందేల్లో ఎప్పుడూ మధ్యలోనే మిగిలిపోతున్నాను, ముందుకు రావడం ఎలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. ముప్పై దాటాక సెయిలింగ్ నేర్చుకున్నారు. ఐఎల్‌సీఏ 7 పడవలో, అంటే మనమందరం ఇప్పటికీ లేజర్ అని పిలుచుకునే, ఒక్కరే నడిపే తెరచాప పడవలో, క్లబ్బు రేసులకు వస్తున్నారు. పాతిక పడవలు దిగితే పన్నెండుకూ పదహారుకూ మధ్యనే ముగిస్తున్నారు. మీ తర్వాత నేర్చుకున్న పిల్లలు మిమ్మల్ని దాటిపోతున్నారు. మీ బరువు 66 కిలోలు. కొత్త తెరచాప కొంటే మార్పు ఉంటుందా, లేక రేసులు మానేసి ఆదివారాలు ఊరికే నీళ్లమీద తిరగడం మేలా అని అడిగారు.

మానేయకండి. ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు. ఇదే చెరువులో, ఇదే పడవలో, ఇదే స్థానాల్లో నేను చాలా ఏళ్లు ఉన్నాను. అక్కడినుంచి బయటికి వచ్చే దారి ఉంది, పైగా అది మీరు అనుకుంటున్న చోట లేదు.

మధ్యలో ఉన్నవాళ్లకు వేగం చాలదని అందరూ అనుకుంటారు. లేజర్లన్నీ ఒకే అచ్చులో పోసినవి, ఒకే కొలత తెరచాప. గాలి శుభ్రంగా ఉన్నచోట మీ పడవనూ మొదటి పడవనూ పక్కపక్కన నడిపిస్తే తేడా మీరు భయపడేంత ఉండదు. అసలు తేడా గాలిలో ఉంది. ముందున్న నలుగురికి ఎవరూ తాకని గాలి దొరుకుతుంది. మీకు పది తెరచాపలు చెదరగొట్టి వదిలిన గాలి మిగులుతుంది. వాళ్లు తమకు నచ్చినప్పుడు ట్యాక్ చేస్తారు, అంటే ముక్కును గాలి మీదుగా దాటించి రెండో వైపుకు తిరుగుతారు. మీరు పక్కవాడు తోవ ఇచ్చినప్పుడు చేస్తారు. మార్కు దగ్గర, అంటే చుట్టి రావాల్సిన బోయా (నీళ్లమీద తేలే గుర్తు) దగ్గర, వాళ్లు ఒంటరిగా తిరుగుతారు, మీరు ఏడుగురితో కలిసి తిరుగుతారు. నిజానికి కష్టమైన రేసు మీదే. అందుకే మధ్యవాళ్లకు స్థానాలు చిల్లరగా పోవు, గంపగుత్తగా పోతాయి. స్టార్టులో ఐదు, ఒక మార్కు దగ్గర నాలుగు. మిగతా రేసంతా మీరు బాగానే నడుపుతారు.

కాబట్టి ముందు ఆ గుత్తలు ఎక్కడ పోతున్నాయో కనిపెట్టాలి. ఒడ్డుకు రాగానే, బట్టలు మార్చుకోకముందే, ప్రతి రేసుకూ ఐదు అంకెలు రాసుకోండి: స్టార్టయిన ఒక నిమిషానికి ఎన్నో స్థానం, మొదటి పైమార్కు (గాలి వచ్చే వైపుది) దగ్గర ఎన్నో స్థానం, కిందిమార్కు (గాలి పోయే వైపుది) దగ్గర, రెండోసారి పైమార్కు దగ్గర, ముగింపులో. సుమారుగా గుర్తున్నా చాలు. మా క్లబ్బులో ఒక మిత్రుడు తన లోపమంతా ఎదురుగాలి నడకలో ఉందని నమ్మి, శని ఆదివారాలు అదే సాధన చేసేవాడు. కాగితం మీద పెట్టి చూస్తే పైమార్కు దగ్గర అతను దాదాపు ప్రతిసారీ పదిలోపే ఉన్నాడు. స్థానాలన్నీ గాలివాటులో, అంటే గాలి వెనకనుంచి తోసే నడకలో, పోతున్నాయి. వెనక్కి తిరిగి చూడకపోవడమే కారణం. గాలివాటులో గుప్పు (ఒక్కసారిగా వచ్చే గాలి విసురు) వెనకనుంచి వస్తుంది. దాన్ని చూసి దాని దారిలోకి పడవను జరిపినవాడు ముందుకు పోతాడు, తెరచాపను చూస్తూ కూర్చున్నవాడు నిలబడిపోతాడు. ఆ అంకెలు చూశాక అతని సాధన మొత్తం మారిపోయింది.

మీ కాగితం ఏం చెబుతుందో నాకు తెలియదు కానీ, ఎక్కువమంది విషయంలో అది స్టార్టునే చూపిస్తుంది. దాని గురించి కాస్త వివరంగా రాస్తాను.

ఐదు నిమిషాల జెండా, నాలుగు నిమిషాల జెండా, ఒక నిమిషం, తర్వాత స్టార్టు. ఈ వరుస మీకు తెలిసిందే. మధ్యవాళ్లలో చాలామంది మొదటి నాలుగు నిమిషాలు ఊరికే తిరిగి, చివరి నిమిషంలో స్టార్టు లైనుకు ఒక చివరన ఉండే కమిటీ పడవ దగ్గరి గుంపులోకి దూరి, లైనుకు రెండు పడవల వెనక నిలబడతారు. హారన్ మోగినప్పుడు వాళ్ల ముందు ఒక వరుస పడవలు ఉంటాయి. రేసు అక్కడే సగం అయిపోయినట్లు.

నాలుగు నిమిషాల్లో చేయాల్సిన పనులు రెండు. లైను మధ్యకు వెళ్లి పడవ ముక్కును సరిగ్గా గాలిలోకి తిప్పి ఆపండి. ముక్కు ఏ చివరకు ఎక్కువ మొగ్గి ఉంటే గాలికి ఆ చివర దగ్గర. అయితే ఆ చివరికే వెళ్లకండి, తోపులాటంతా అక్కడే ఉంటుంది. అటునుంచి లైనులో మూడో వంతు ఇవతల నిలబడండి. రెండోది, లైనును ఒడ్డుతో ముడిపెట్టుకోవడం. వానాకాలపు పడమటి గాలిలో మన లైను ఉత్తర దక్షిణాలుగా పడుతుంది. కమిటీ పడవ వెనకగా నిలిచి లైను అవతలి చివరి బోయా మీదుగా చూస్తే, ఎన్టీఆర్ మార్గ్ వైపు ఒడ్డున ఒక దీపస్తంభమో చెట్టో దానితో ఒకే వరుసలోకి వస్తుంది. దాన్ని గుర్తుపెట్టుకోండి. లైను మధ్యలో ఉన్నవాళ్లకు లైను ఎక్కడుందో తెలియక, తప్పుడు స్టార్టు భయంతో అందరూ ఒక పడవ నిడివి వెనకే ఉండిపోతారు. ఆ దీపస్తంభం తెలిసినవాడు ఒక్కడే ధైర్యంగా ముక్కు ముందుకు పెట్టగలడు.

ఇక చివరి నిమిషం. మీకు కావలసింది మీ గాలికింది వైపు, అంటే స్టార్‌బోర్డ్ ట్యాక్‌లో (గాలి కుడినుంచి తగిలే నడకలో) మీ ఎడమ పక్కన, ఒక పడవ పట్టేంత ఖాళీ. వేగం పుంజుకోవాలంటే ముక్కును కాస్త గాలివాటుకు దించాలి, దించడానికి చోటు కావాలి. ఆ ఖాళీని ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్లు కాపాడుకోవాలి. వెనకనుంచి ఎవరైనా అందులోకి రాబోతే ఒక్క క్షణం ముక్కును వాళ్లవైపు దించి చూపండి, చాలామంది వేరే చోటు చూసుకుంటారు. పెద్దగాలి రోజున తెరచాప పటపటలాడుతూ ఉంటుంది, మెయిన్‌షీట్ (తెరచాపను లాగి వదిలే తాడు) వదులుగా చేతిలో ఉంటుంది, పడవ అంగుళం అంగుళం జారుతూ ఉంటుంది. నిలిచిన లేజర్ పూర్తి వేగం అందుకోవడానికి గాలిని బట్టి ఆరు నుంచి పది సెకన్లు పడుతుంది. కాబట్టి హారన్‌కు పది సెకన్ల ముందే ముక్కు దించి, షీట్ లాగి, హైకింగ్ పట్టీల్లో పాదాలు బిగించి బయటికి వాలాలి. సున్నా దగ్గర పడవ ఎక్కడుందన్నది ఒక్కటే చాలదు, ఎంత వేగంతో ఉందన్నదీ కావాలి.

దీనికి సాధన చేయడానికి పాతిక పడవలు అక్కర్లేదు, ఒక బోయా చాలు. దాని పక్కన పడవను ఆపండి. ఒక నిమిషంపాటు ఒక పడవ నిడివి కంటే దూరం పోకుండా అక్కడే నిలపండి. తర్వాత ఒక్కసారిగా వేగం అందుకోండి. మొదట్లో పడవ వెనక్కి జారుతుంది, పక్కకు తిరుగుతుంది, గాలిలో ఇరుక్కుపోతుంది. కొన్ని వారాలకు చుక్కాని మీ మాట వినడం మొదలవుతుంది. నేను మధ్యలోనుంచి బయటపడింది ప్రధానంగా ఈ ఒక్క సాధన వల్లే. ఇది చూడడానికి ఏమీ బాగుండదు, ఫొటోలో పడదు, అందుకే ఎవరూ చేయరు.

స్టార్టు తర్వాత మొదటి నిమిషంలో మీ చుట్టూ గాలి చెదిరిపోతే, అంటే తెరచాపమీది ఊలుపోగులు ఊరికే ఎగిరిపడుతూ, కారణం లేకుండా పడవ బరువు తగ్గినట్లనిపిస్తే, ఓర్చుకుని కూర్చోకండి. సందు దొరకగానే ట్యాక్ చేసి పోర్ట్‌లోకి (గాలి ఎడమనుంచి తగిలే నడకలోకి) వచ్చేయండి. అప్పుడు స్టార్‌బోర్డ్ పడవలకు దారి ఇవ్వాల్సింది మీరే, అది సెయిలింగ్ పోటీ నియమాల్లో 10వది. రెండు పడవల వెనకగా దూరి పోవాల్సి వచ్చినా నష్టం లేదు. ఎదుటి పడవ ఇంకా మూడు నిడివుల దూరంలో ఉండగానే షీట్ వదిలి ముక్కు దించితే, దాని వెనక అంచును రాసుకుంటూ పూర్తి వేగంతో మళ్లీ గాలికి ఎక్కుతారు. చివరి క్షణంలో చుక్కాని గట్టిగా తోసి తిప్పితే మాత్రం పడవ ఆగిపోతుంది.

ఇప్పుడు గాలి మలుపులు. మన చెరువులో గాలి సముద్రపు గాలి కాదు. నెక్లెస్ రోడ్డు చెట్ల మీదుగా, దాని వెనక భవనాల సందుల్లోంచి దూకి నీళ్లమీద పడుతుంది. అది ఒక్కోసారి పది పదిహేను డిగ్రీలు అటూఇటూ తిరుగుతుంది. దీన్ని శాపమనేవాళ్లను విన్నాను. నాకు మాత్రం, మధ్యలో ఉన్నవాడికి ఇంతకంటే మంచి చెరువు దేశంలో ఉండదనిపిస్తుంది. స్థిరమైన గాలిలో ముందున్నవాడు ముందే ఉంటాడు. ఇక్కడ తలుపు మాటిమాటికీ తెరుచుకుంటుంది. అడ్డంగా వంద మీటర్ల దూరంలో ఉన్న రెండు పడవలు సమానంగా ఉన్నాయనుకోండి. గాలి పది డిగ్రీలు తిరిగిందంటే తిరిగిన వైపు ఉన్న పడవకు దాదాపు పదిహేడు మీటర్ల లాభం. అంటే నాలుగు లేజర్ల నిడివి. కండబలంతో ఆ లాభం ఎప్పటికి సంపాదించాలి?

మలుపును చదవడానికి దిక్సూచి లేకపోయినా ఒడ్డు ఉంది. పడమటి గాలిలో స్టార్‌బోర్డ్ ట్యాక్‌మీద మీ ముక్కు సుమారుగా ఖైరతాబాద్ వైపు, పోర్ట్‌మీద సంజీవయ్య పార్కు వైపు ఉంటుంది. రేసుకు ముందు రెండు ట్యాక్‌లమీదా కొంతసేపు నడిపి ముక్కు ఏ భవనాన్ని చూస్తోందో గుర్తుంచుకోండి. తర్వాత రేసులో స్టార్‌బోర్డ్‌మీద పోతుండగా ముక్కు మెల్లగా ఎడమకు జారి అంబేడ్కర్ విగ్రహాన్ని చూస్తోందంటే గాలి మీకు ఎదురు తిరిగింది. అది నిలిచేలా ఉంటే ట్యాక్ చేయండి. ముక్కు నెక్లెస్ రోడ్డు వైపు లేచిందంటే మీకు అనుకూలం, అలాగే పోండి. సంజీవయ్య పార్కులోని 88 మీటర్ల స్తంభం మీద జెండా ఎగిరే రోజుల్లో దాన్ని కూడా చూడండి. అయితే అది పైగాలి మాట. నీళ్లమీది మాట నల్లటి అలల మరకలు చెబుతాయి. అటువంటి మరక మీ దగ్గరికి వచ్చేలోపే బయటికి వాలండి. అది తాకగానే షీట్ ఒక జానెడు వదిలి, పడవ చదునుగా ముందుకు దూకాక మళ్లీ లాగండి. గుప్పు తగిలి పడవ ఒరిగాక వాలేవాడు అప్పటికే పక్కకు జారిపోయి ఉంటాడు.

బుద్ధ విగ్రహం గాలికింద మాత్రం నిలవకండి. ఆ దీవి వెనక గాలి చచ్చిపోయి ఉంటుంది. ఇంకొకటి, పడవ మొద్దుగా కదులుతూ టిల్లర్ (చుక్కాని పిడి) సన్నగా వణుకుతోందంటే చుక్కానికో, పడవ అడుగున దిగే పలక అయిన డాగర్‌బోర్డుకో ప్లాస్టిక్ సంచి చుట్టుకుందని అర్థం. డాగర్‌బోర్డును ఒకసారి పైకి లాగి దించండి. చుక్కాని దగ్గరికి చేయి పెట్టి తీసేయండి. మన చెరువులో ఇది రేసు మధ్యలో ఎప్పుడైనా జరుగుతుంది.

మార్కుల దగ్గర మధ్యవాళ్లు నష్టపోయేది చాలాసార్లు నైపుణ్యం లేక కాదు, నియమం తెలియక. ఎవడో గట్టిగా అరిస్తే దారి ఇచ్చేస్తారు. మార్కుకు మూడు పడవల నిడివి, అంటే లేజర్‌కు పన్నెండు మీటర్లకు కాస్త పైన, ఒక వలయం ఉంటుంది. మొదటి పడవ ఆ వలయాన్ని తాకేటప్పటికి మీరు దానితో అతివ్యాప్తిలో (మీ ముక్కు దాని వెనక అంచును దాటి), లోపలివైపు ఉంటే తిరగడానికి చోటు మీ హక్కు. లేకపోతే ఆ హక్కు లేదు. 18వ నియమంలో ఈ ఒక్క ముక్క కంఠస్థం చేసినా కిందిమార్కు దగ్గర మీ తీరు మారిపోతుంది. బయటివైపు అయిదో పడవగా తిరిగేకంటే, కొంచెం వేగం తగ్గించి లోపలి పడవ వెనక, మార్కును రాసుకుంటూ తిరగడం ఎప్పుడూ లాభం. తప్పు మీదే అయితే వాదించకుండా వెంటనే పక్కకు తొలగి శిక్షగా రెండు చుట్లు తిరిగేయండి.

మీ బరువు సంగతి. 66 కిలోలకు వానాకాలపు గాలిలో ఐఎల్‌సీఏ 7 పెద్దదే. దాని తెరచాప 7.06 చదరపు మీటర్లు. అదే పడవకు కింది స్తంభం, అంటే మాస్టు కింది ముక్క, మార్చి 5.76 చదరపు మీటర్ల ఐఎల్‌సీఏ 6 తెరచాప వేసుకోవచ్చు. అది చిన్నవాళ్లదనో, మహిళల ఒలింపిక్ తరగతి అనో కొంతమంది మగవాళ్లు మొహమాటపడతారు. మొహమాటం వద్దు. గాలి పెరిగినప్పుడు పడవను చదునుగా నిలపలేనివాడు ఎంత నేర్చుకున్నా అది బయటికి రాదు. క్లబ్బు ఒప్పుకుంటే జూన్ నుంచి ఆగస్టు వరకు చిన్న తెరచాపతో దిగండి, శీతాకాలపు నెమ్మదిగాలిలో పెద్దదానికి మారండి.

పిల్లలు దాటిపోవడం గురించి మీరు రాసిన వాక్యంలో బాధ కనిపించింది. ఆ పిల్లలు ఆప్టిమిస్ట్ అనే పిల్లల పడవల్లో వారానికి నాలుగైదు రోజులు నీళ్లమీద ఉంటారు. వాళ్లతో పోల్చుకోవడం మీకూ న్యాయం కాదు, వాళ్ల శ్రమకూ న్యాయం కాదు. స్థానాల సంగతికొస్తే, మన దేశపు సెయిలర్లలో నేత్రా కుమనన్ టోక్యో ఒలింపిక్స్‌లో 35వ స్థానంలో, పారిస్ ఒలింపిక్స్‌లో 21వ స్థానంలో ముగించింది. విష్ణు శరవణన్ టోక్యోలో 20, పారిస్‌లో 18. మధ్యలో 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అతనికి కాంస్యం. దేశంలోనే ముందున్నవాళ్లు ప్రపంచం ముందు మధ్య స్థానాల్లో నిలబడి, అక్కడినుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతున్నారు. ఆస్ట్రేలియాకు చెందిన టామ్ స్లింగ్స్‌బీ ప్రపంచ విజేతగా 2008 ఒలింపిక్స్‌కు వెళ్లి, పడవ పందేలు జరిగిన చింగ్‌డావ్ నెమ్మదిగాలిలో 22వ స్థానంలో ముగించాడు. 2012లో అదే లేజర్‌లో స్వర్ణం గెలిచాడు.

లెక్క కూడా మీ పక్షానే ఉంది. మన పద్ధతిలో ఎన్నో స్థానమైతే అన్ని పాయింట్లు, తక్కువ వచ్చినవాడు ముందు. ఐదు రేసుల్లో ఒకరికి 8, 22, 9, 20, 14 వచ్చాయనుకోండి, ఇంకొకరికి 12, 13, 11, 12, 13. చెడ్డ రేసు ఒకటి తీసేశాక మొదటివాడికి 51, రెండోవాడికి 48. ఒక్కసారి కూడా పదిలోపు రానివాడు ఎనిమిదో స్థానం తెచ్చుకున్నవాడికంటే పైన నిలిచాడు. అందుకే అద్భుతమైన రేసు కోసం చూడకండి, మీ చెడ్డ రేసును ఇరవైనుంచి పదిహేనుకు తెండి.

ఈ ప్రశ్న చదివే క్లబ్బువాళ్లకూ ఒక మాట. రేసు అయ్యాక బహుమతులు మొదటి ముగ్గురికి, కోచ్ సమయం పోటీకి వెళ్లే పిల్లలకు పోతుంది. పన్నెండో స్థానం మనిషితో ఎవరూ మాట్లాడరు. అతను ఒక వానాకాలం వస్తాడు, రెండు వానాకాలాలు వస్తాడు, తర్వాత పడవ కవరు కప్పుకుని ఉండిపోతుంది. మధ్యవాళ్లు లేని రోజున లైనుమీద ఆరు పడవలే మిగులుతాయి, ఆరు పడవలతో గెలిచినవాడికీ ఏమీ నేర్పు రాదు. మేము ఒక చిన్న పద్ధతి పెట్టుకున్నాం. గెలిచినవాళ్లు ఒడ్డుకు వచ్చాక పావుగంటసేపు తెల్లబోర్డు దగ్గర నిలబడి ఎక్కడ ట్యాక్ చేశారో, ఎందుకు చేశారో గీసి చూపిస్తారు. మధ్యవాళ్లలో ఒకరు తమ రేసునూ అక్కడే గీస్తారు. మొదట ఎవరూ నోరు విప్పలేదు, ఇప్పుడు చీకటిపడినా లేవరు. ముందున్నవాళ్లలో ఒకరు నెలకు ఒక రేసు వదులుకుని రబ్బరు పడవలోంచి మధ్య గుంపు వెంట వెళ్లి చూస్తారు. ముందునుంచి ఎప్పుడూ కనిపించనివి వాళ్లకు అప్పుడే కనిపిస్తాయి. మీ క్లబ్బులో ఇటువంటిది లేకపోతే మీరే అడగండి. అడిగితే కాదనేవాళ్లు సెయిలింగ్‌లో తక్కువ.

చివరగా తెరచాప. మీది పాతబడి, వెనక అంచు గుడ్డలా మెత్తబడి ఉంటే మార్చాల్సిందే. అటువంటి తెరచాపతో గాలికి దగ్గరగా ముక్కు నిలవదు. ఇంకా గరగరలాడుతూ ఉంటే ఈ వానాకాలానికి అదే చాలు. ఆ డబ్బుతో కొత్త మెయిన్‌షీట్, మంచి హైకింగ్ పట్టీ, చేతికి పెద్ద అంకెల కౌంట్‌డౌన్ గడియారం కొనుక్కోండి. మిగిలింది కింది స్తంభం కోసం దాచుకోండి. మొదటి నాలుగు రేసుల అంకెలు రాసుకున్నాక ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.